నేల నుంచి పైకి: ఆన్‌రోడ్ ఆర్‌సీ రేస్ కారును సమకూర్చుకునే వరస

ఆన్‌రోడ్ ఆర్‌సీ రేసు, అంటే చదునైన ట్రాక్ మీద రేడియో కంట్రోల్‌తో నడిపే చిన్న కార్ల పందెం, సాధారణంగా ఐదు నిమిషాల పని. ల్యాప్‌కు 15 సెకన్లు పట్టే ట్రాక్ మీద ఆ ఐదు నిమిషాల్లో కారు 20 ల్యాప్‌లు తిరుగుతుంది. ఖరీదైన మోటారు బిగించి ల్యాప్‌కు సెకనులో పదో వంతు మిగుల్చుకున్నామనుకుందాం. రేసు మొత్తం మీద కలిసొచ్చేది 2 సెకన్లు. అదే కారు ఒక మలుపులో అదుపు తప్పి అంచు బోర్డుకు తగిలి బోల్తా పడితే, ట్రాక్ పక్కన నిలబడ్డ మార్షల్ పరుగున వచ్చి దాన్ని తిరిగి నిలబెట్టేలోపు అంతకు రెట్టింపు సమయం పోతుంది. మోటారుకు పెట్టిన డబ్బు ఒక్క మలుపులో తుడిచిపెట్టుకుపోతుందన్నమాట.

అయినా కొత్తగా ఇందులోకి వచ్చేవాళ్ళ చెయ్యి ముందు మోటారు మీదికే పోతుంది. బండి అంటే ఇంజనే అని చిన్నప్పటి నుంచీ మనకు అలవాటైపోయిన లెక్క. రేస్ కారు దగ్గర ఆ లెక్కను తిరగేయాలి. నేలకు తగిలేది టైరు. టైరును నేలకు అదిమి పట్టేది సస్పెన్షన్. ఆ సస్పెన్షన్ నిలబడేది చాసిస్ మీద. మోటారు ఎంత బలం పుట్టించినా ఈ మూడూ మోయగలిగినంతే నేలకు చేరుతుంది. అందుకే డబ్బయినా సమయమయినా కింద నుంచి పైకి ఖర్చు పెట్టాలన్నది ఈ వ్యాసం వాదన.

ఉదాహరణగా తీసుకుంటున్నది అసలు కారులో పదో వంతు సైజు ఉండే ఎలక్ట్రిక్ టూరింగ్ కారు. వెడల్పు 190 మిల్లీమీటర్లు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం దాదాపు 257 మిల్లీమీటర్లు, నాలుగు చక్రాలకూ శక్తి, బ్యాటరీతో కలిపి బరువు 1,300 గ్రాముల పైచిలుకు. స్లొవేకియాలో తయారయ్యే ఎక్స్‌రే కావచ్చు, జపాన్ వాళ్ళ యొకోమో కావచ్చు, రేసు కోసమే చేసిన కార్ల అస్థిపంజరం చాలావరకు ఒక్కటే. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉన్న పలక, దాని మీద ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క మోటారు, ముందుకొకటి వెనక్కొకటి రెండు బెల్టులు. తేడాలన్నీ ఆ తర్వాత మొదలవుతాయి.

ముందు రూల్ బుక్

ఏ విడిభాగం కొనాలన్నా మొదట తేల్చుకోవాల్సింది ఏ క్లాసులో నడపబోతున్నాం అన్నది. బ్రష్‌లెస్ మోటార్లను లోపల చుట్టిన రాగి తీగ చుట్ల సంఖ్యతో వర్గీకరిస్తారు. 21.5, 17.5, 13.5 అనే అంకెలు అవే. చుట్లు తగ్గేకొద్దీ మోటారు వేగంగా తిరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. మాడిఫైడ్ క్లాసులో నాలుగైదు చుట్ల మోటార్లు కూడా వాడతారు. వాటిని పట్టుకోవడం ఏళ్ళ సాధన ఉన్నవాళ్ళకే సాధ్యం.

మోటారు చుట్ల సంఖ్యను ముందే నిర్ణయించే స్టాక్ క్లాసుల్లో ఇంకో ముఖ్యమైన కట్టుబాటు ఉంటుంది. బ్యాటరీ నుంచి మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ తనంతట తాను మోటారు టైమింగ్ (చుట్లకు కరెంటు ఎంత ముందుగా అందాలన్న సర్దుబాటు, పెంచితే వేగం పెరుగుతుంది) పెంచకూడదు. ఆ మోడ్‌లో ఉన్నప్పుడు కంట్రోలర్ మీది లైటు మిణుకుతూ ఉంటుంది కాబట్టి దానికి బ్లింకీ అన్న పేరు స్థిరపడిపోయింది. చాలా పోటీల్లో టైరు కూడా నిర్వాహకులు చెప్పిందే వాడాలి. అందరి మోటారూ ఒకటే, అందరి టైరూ ఒకటే అయినప్పుడు, గెలుపోటముల తేడా ఆ టైరును ఎవరు ఎంత బాగా పని చేయించుకున్నారన్న దగ్గరే పుడుతుంది. కొత్తవాళ్ళు 21.5 లేదా 17.5 బ్లింకీ క్లాసుతో మొదలుపెట్టడమే మంచిది. నెమ్మదిగా ఉంటుందని కాదు. సెటప్‌లో, అంటే కారు సర్దుబాట్లలో, చేసిన మార్పు ఫలితం చేతికి తెలిసేది అక్కడే. మాడిఫైడ్‌లో మోటారు బలం ఆ తేడాలన్నిటినీ కప్పేస్తుంది.

టైరు దగ్గరే మొదలు

టూరింగ్ కారు రబ్బరు టైరు 24 మిల్లీమీటర్ల అటూ ఇటూగా వెడల్పు ఉంటుంది. లోపల గాలి ఉండదు, స్పాంజి లాంటి ఇన్సర్ట్ ఉంటుంది, రబ్బరును చక్రానికి జిగురుతో అంటిస్తారు. ఇప్పుడు చాలావరకు కంపెనీయే అంటించి అమ్ముతోంది. అది మంచి మార్పు. ఇంట్లో అంటించిన టైరు అంచు ఒక చోట లేచిందంటే స్ట్రెయిట్‌లో కారు వణకడం మొదలవుతుంది. ఆ వణుకుకు కారణం టైరేనని పట్టుకోలేక బేరింగులన్నీ మార్చుకుంటూ పోయేవాళ్ళున్నారు.

రబ్బరు గట్టిదనాన్ని చాలా కంపెనీలు 28, 32, 36, 40 లాంటి అంకెలతో సూచిస్తాయి. అంకె పెరిగేకొద్దీ వేడి ఎక్కువున్న ట్రాక్‌కు పనికొచ్చే రబ్బరు అని అర్థం. చల్లటి నేల మీద 40 వేస్తే అది వేడెక్కకముందే రేసు అయిపోతుంది. మండే తారు మీద 28 వేస్తే మొదటి రెండు నిమిషాలు అద్భుతంగా పట్టి, ఆ తర్వాత మెత్తబడి జారిపోతుంది. ఆ జారుడు చూసి స్ప్రింగులు మార్చకూడదు.

రేసుకు ముందు టైరుకు అడిటివ్ అనే ద్రవం రాసి, కాసేపు నాననిచ్చి, తుడిచి, కొందరు వార్మర్లతో వేడి చేసి కారును దించుతారు. ఎంతసేపు నానబెట్టారు, టైరు పూర్తి వెడల్పుకీ రాశారా సగానికే రాశారా అన్నవి కూడా సెటప్‌లో భాగమే. కారు ముందు భాగం మరీ చురుగ్గా తిరుగుతూ వెనక జారుతుంటే, ముందు టైర్ల లోపలి సగానికే అడిటివ్ రాయడం పైసా ఖర్చు లేని వైద్యం.

కార్పెట్ ట్రాక్‌ల మీద సమస్య ఇంకో రకం. అక్కడ పట్టు ఎంత ఎక్కువంటే మలుపులో కారు జారడానికి బదులు లేచి బోల్తా పడుతుంది. అప్పుడు రేసర్లు ముందు టైర్ల బయటి గోడకు పల్చటి సూపర్ గ్లూ పూస్తారు, మనం ఇంట్లో వాడే ఫెవిక్విక్ జాతిదే. ఆరిన జిగురు గట్టి పొరలా మారి, కారు ఒరిగినప్పుడు టైరు గోడ నేలను కరచుకోకుండా ఆపుతుంది. కొత్త విడిభాగం కొనకముందు ఇలాంటివి ప్రయత్నించాలి.

టైరు అరిగిన తీరు కూడా చాలా చెబుతుంది. రేసు అయ్యాక చక్రం తీసి వెలుతురులో అడ్డంగా పట్టుకుని చూడాలి. లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలిన కోణం, ఎక్కువైంది, బయటి అంచు అరిగి ఉంటే తక్కువైంది. మొత్తం వెడల్పూ సమానంగా అరిగేదాకా అర డిగ్రీ చొప్పున సర్దుకోవాలి. చాలా కార్లకు ఈ లెక్క నిలువు నుంచి లోపలికి ఒకటిన్నర, రెండు డిగ్రీల మధ్య తేలుతుంది.

స్ప్రింగు చేయగలిగేది, చేయలేనిది

సెటప్ గురించి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గట్టి స్ప్రింగు వేస్తే కారు తక్కువ ఒరుగుతుంది కాబట్టి బయటి చక్రాల మీద బరువు తక్కువ పడుతుందని అనుకుంటారు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు మలుపులో పక్కకు వాలడం చూసి ఆ వాలడమే బరువు మారడం అని మనసుకు తోస్తుంది. కానీ మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మొత్తం ఎంత బరువు మారుతుందన్నది ప్రధానంగా కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తిరిగే తీవ్రత, ఈ నాలుగింటి మీదే ఆధారపడుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైనా ఆ మొత్తం దాదాపు మారదు.

మరి స్ప్రింగు చేసేదేమిటి? ఆ మొత్తంలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అని పంచుతుంది. కుడి ఎడమ సస్పెన్షన్లను కలిపి కారు ఒరగడాన్ని తగ్గించే సన్నటి కడ్డీ, యాంటీ రోల్ బార్, పనీ అదే. ముందు గట్టి చేస్తే బరువు మార్పిడిలో ఎక్కువ వాటా ముందు చక్రాల మీద పడుతుంది. టైరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. కాబట్టి బయటి చక్రం లాభపడే పట్టు కన్నా లోపలి చక్రం పోగొట్టుకునే పట్టు ఎక్కువ. ముందు గట్టి చేసిన కారు మలుపులో వెడల్పుగా బయటికి పోవడానికి కారణం ఇదే. వెనక గట్టి చేస్తే వెనక జారుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో కూర్చుంటే సర్దుబాట్లన్నీ రాసుకునే సెటప్ షీట్‌లో సగం గళ్ళు వాటంతటవే అర్థమవుతాయి.

ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. మొత్తం మార్పిడిని నిజంగా తగ్గించాలంటే గురుత్వ కేంద్రాన్ని కిందికి దించాలి. పొట్టి సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు), పల్చటి బ్యాటరీ, తేలికపాటి బాడీ షెల్ మీద రేసర్లు డబ్బు పెట్టేది అందుకు. కార్పెట్ మీద కార్బన్ పలక తీసేసి అల్యూమినియం పలక బిగించడానికి కూడా అదొక కారణం. బరువు పెరుగుతుంది కానీ ఆ బరువంతా నేలకు ఐదారు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. గట్టిదనమూ వస్తుంది. పట్టు తక్కువున్న తారు మీద మాత్రం కాస్త వంగే కార్బన్ పలకే మేలు, ఆ వంగడం టైరుకు ఊపిరి పోస్తుంది.

రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాని గురించి ఇక్కడే ఒక మాట. సస్పెన్షన్ చేతులు చాసిస్‌కు కలిసే చోట అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు వాషర్లు పెట్టి దాన్ని ఎత్తుతారు, దించుతారు. దించితే కారు ఎక్కువ ఒరిగి, పట్టు మెల్లగా పెరుగుతుంది. ఎత్తితే స్టీరింగ్‌కు వెంటనే స్పందిస్తుంది కానీ హద్దు దాటితే ఒక్కసారిగా జారుతుంది. అర మిల్లీమీటరు వాషరు ధర ఎంతో ఉండదు. దాని ప్రభావం మాత్రం కొత్త స్ప్రింగుల సెట్టుకు తీసిపోదు.

షాక్స్ చేత్తో కట్టుకోవాలి

షాక్ అబ్జార్బర్ కొనేటప్పుడు బ్రాండు గురించి బోలెడు చర్చ జరుగుతుంది. అసలు తేడా దాన్ని కట్టుకోవడంలో ఉంది. నూనె పోసి, పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ నాలుగైదు సార్లు ఆడించి, నిలువుగా నిలబెట్టి పది నిమిషాలు వదిలేయాలి. లోపలి గాలి సన్నటి బుడగలుగా పైకి వచ్చి పగిలిపోతుంది. తొందరపడి మూత బిగిస్తే ఆ బుడగలు నూనెలోనే ఉండిపోతాయి. అప్పుడు రేసు మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా పని చేస్తుంది.

కుడి ఎడమ షాక్స్ సమానంగా ఉన్నాయో లేదో చూడడానికి పరికరం అక్కర్లేదు. స్ప్రింగులు తీసేసి, రెండింటి కడ్డీల చివరలు ఎదురెదురుగా ఆనించి, రెండు చేతులతో ఒకదాని మీదికి ఒకటి నొక్కాలి. రెండూ ఒకే వేగంతో లోపలికి పోతే సమానంగా ఉన్నట్టు. ఒకటి ముందు లొంగితే అందులో నూనె తగ్గిందో, గాలి ఉండిపోయిందో, సీలు దెబ్బతిందో. తర్వాత కాలిపర్‌తో పొడవు కొలిచి, రెండింటినీ మిల్లీమీటరులో పదో వంతు తేడా లోపలికి తేవాలి. ఈ పని చేసిన మామూలు షాక్, చేయని ఖరీదైన షాక్ కన్నా ఖచ్చితంగా మేలు.

నూనె విషయంలో ఒక జాగ్రత్త ఉంది. కొన్ని కంపెనీలు 30, 35, 40 వెయిట్ అని రాస్తాయి. ఒక కంపెనీ 35, ఇంకో కంపెనీ 35 ఒకటి కావు. చిక్కదనానికి కొలత అయిన సెంటీస్టోక్స్‌లో రాసినదాన్నే నమ్మాలి, సిలికాన్ నూనెకు ఆ కొలత మామూలుగా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీస్తారు. తారు మీద టూరింగ్ కారుకు 350 నుంచి 500 దాకా వాడతారు. వేడి పెరిగితే నూనె పల్చబడుతుంది. యూరప్‌లో 20 డిగ్రీల వాతావరణంలో ఎవరో 400 నూనెతో గెలిచారని, ఆ అంకెను హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో అలాగే దించుకుంటే అది ఇక్కడ 400లా పని చేయదు. పేరున్న రేసర్ల సెటప్ షీట్లు ఇప్పుడు అందరికీ దొరుకుతున్నాయి. వాటిని తప్పకుండా చదవాలి. కానీ షీట్ పైన ఉండే ట్రాక్, టైరు, ఉష్ణోగ్రత గళ్ళు ముందు చదివి, ఆ తర్వాతే కింది అంకెల దగ్గరికి పోవాలి.

షాక్స్‌ను అసలు గొట్టం ఆకారంలోనే చేయాలని లేదు. ఓలెగ్ బాబిచ్ రూపొందించిన ఆసమాటిక్స్ కార్లలో గొట్టాల బదులు తిరిగే డ్యాంపర్లు ఉంటాయి. చాసిస్‌కు దగ్గరగా, కిందికి కూర్చుంటాయి. మనం పైన చెప్పుకున్న గురుత్వ కేంద్రం లెక్కే ఆ ఆకారానికి మూలం. మొదటి కారుగా దాన్ని కొనమని చెప్పలేం కానీ, విడిభాగాన్ని నేల వైపు నుంచి ఆలోచించడం అంటే ఏమిటో అది చక్కగా చూపిస్తుంది.

వంకర కారుకు సెటప్ లేదు

ఎడమ మలుపులో చక్కగా తిరిగి, కుడి మలుపులో ఎదురు తిరిగే కారును చాలామంది ఏళ్ళ తరబడి భరిస్తారు. బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతుంది, యాక్సిలరేటర్ నొక్కితే ఇంకో పక్కకు. స్టీరింగ్ ట్రిమ్‌తో సర్దుకుంటారు. రోగం స్టీరింగ్‌లో లేదు. నాలుగు చక్రాల మీద బరువు కుడి ఎడమలు సమానంగా పడడం లేదు. దీన్నే రేసర్లు ట్వీక్ అంటారు.

కనిపెట్టడం తేలిక. మందపాటి గాజు పలక లేదా వంకర లేని గ్రానైట్ ముక్క ఒకటి కావాలి. కిచెన్ ప్లాట్‌ఫారం కోసం కోసిన గ్రానైట్‌లో మిగిలిన ముక్క చాలా బాగా పనికొస్తుంది. కారును బ్యాటరీతో సహా దాని మీద పెట్టి, రెండుసార్లు కిందికి నొక్కి వదలాలి. వెనక బంపరు సరిగ్గా మధ్యలో చాకు మొన ఆనించి మెల్లగా పైకి ఎత్తాలి. రెండు వెనక చక్రాలూ ఒకేసారి నేల విడవాలి. ఒకటి ముందు లేచి, ఒకటి ఇంకా నేలను పట్టుకుని ఉంటే ట్వీక్ ఉన్నట్టు. ముందు వైపు కూడా ఇలాగే చూడాలి.

కారణాలు వెతికే వరస కూడా ముఖ్యమే. మొదట యాంటీ రోల్ బార్లు రెండూ విప్పేసి మళ్ళీ చూడాలి. ట్వీక్ పోతే బార్ వంకరగా ఉంది. పోకపోతే షాక్స్ పొడవులు కొలవాలి. అవీ సమానంగా ఉంటే పైపలక స్క్రూలన్నీ వదులు చేసి, కారును చదునైన పలకకు అదిమి పట్టి, ఒక మూల నుంచి ఎదురు మూలకు మార్చి మార్చి బిగించాలి. కారు చక్రం నట్లు బిగించే పద్ధతే. చిన్న గుద్దుడుకు కూడా చాసిస్ స్క్రూల దగ్గర వెంట్రుకవాసి జరిగి అక్కడే నిలిచిపోతుంది. ఎక్కువసార్లు కారణం అదే. బ్యాటరీని టేపుతో ఒక పక్కే లాగి కట్టినా ఇదే జరుగుతుంది.

ఈ దశకు వచ్చాక కొలిచే పరికరాల మీద డబ్బు పెట్టడం దండగ కాదని తెలుస్తుంది. ఎత్తు కొలిచే మెట్ల గేజ్, క్యాంబర్ గేజ్, సస్పెన్షన్ ఎంత కిందికి వేలాడుతుందో కొలిచే డ్రూప్ గేజ్, డిజిటల్ కాలిపర్, ఇవి ఏ కారుకైనా పనికొస్తాయి, మోడల్ మారినా పాతబడవు. ఎక్స్‌రే కార్ల వెనక ఉన్న హూడీ కుటుంబ సంస్థ ఈ కొలత పరికరాలకూ అంతే పేరు పొందింది. కారు చేసేవాళ్ళే కొలబద్దలూ చేయడంలో ఆశ్చర్యం లేదు. నేల నుంచి చాసిస్ ఎత్తు 5.2 మిల్లీమీటర్లా, 5.6 మిల్లీమీటర్లా అన్నది కంటికి కనిపించదు. ట్రాక్ మీద మాత్రం తెలుస్తుంది.

శక్తి దారి: స్పూల్, డిఫరెన్షియల్, గేర్లు

టూరింగ్ రేస్ కార్లలో ముందు వైపు డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, సాధారణంగా ఉండదు. దాని స్థానంలో స్పూల్ ఉంటుంది, అంటే రెండు ముందు చక్రాలూ ఒకే ఇరుసుకు కట్టేసినట్టు కలిసి తిరుగుతాయి. మలుపు చివర యాక్సిలరేటర్ నొక్కగానే ముందు చక్రాలు కారును గట్టిగా లాగుతాయి, బ్రేకులో నిలకడ వస్తుంది. దీనికి మూల్యం డ్రైవ్ షాఫ్టులు చెల్లిస్తాయి. స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు మామూలు షాఫ్టులు టకటకమని కొట్టుకుంటాయి. రెండు కీళ్ళున్న షాఫ్టులు ఆ కొట్టుకోవడాన్ని ఆపుతాయి. తప్పనిసరిగా పెట్టాల్సిన ఖర్చుల్లో ఇది ఒకటి.

వెనక మాత్రం సిలికాన్ నూనె నింపిన గేర్ డిఫరెన్షియల్ ఉంటుంది. నూనె చిక్కదనం వేలల్లో ఉంటుంది, 3,000 నుంచి 7,000 సెంటీస్టోక్స్ మధ్య చాలామంది మొదలుపెడతారు. పల్చటి నూనె వేస్తే రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తేలిగ్గా తిరిగి మలుపులో వెనక పట్టు మెరుగవుతుంది. మరీ చిక్కబడితే మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక తోక ఆడిస్తుంది. ఎంత నూనె పోశారో చిన్న డిజిటల్ తూకం మీద చూసుకుంటే, తర్వాతిసారి విప్పి కట్టినప్పుడు అదే ప్రవర్తన తిరిగి వస్తుంది.

ఇక గేర్ల లెక్క. ఇది ఒక్కసారి చేత్తో వేసుకోవాలి. మోటారు తిప్పే పెద్ద గేరు అయిన స్పర్ గేరుకు 96 పళ్ళు, మోటారు ఇరుసు మీది చిన్న గేరు అయిన పినియన్‌కు 46 పళ్ళు, కారు లోపలి బెల్టు నిష్పత్తి 1.9 అనుకుందాం. 96ను 46తో భాగించి 1.9తో గుణిస్తే 3.97 వస్తుంది. మోటారు దాదాపు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టైరు వ్యాసం 63.5 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 200 మిల్లీమీటర్లు. అంటే మోటారు ఒక్క చుట్టుకు కారు సుమారు 5 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. మోటారు నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే నిమిషానికి 900 మీటర్లు, గంటకు 54 కిలోమీటర్లు. పినియన్ ఒక పన్ను మారిస్తే ఈ లెక్కలో తేడా రెండు శాతం పైనే.

ఒక పన్ను పెంచి స్ట్రెయిట్‌లో వేగం వచ్చిందని సంతోషపడేముందు మోటారు వేడి చూడాలి. ఐదు నిమిషాలు నడిపి, ట్రాక్ దిగగానే టెంపరేచర్ గన్‌తో కొలవాలి. 80 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే పన్ను తగ్గించాలి లేదా మోటారు వెనక మూత తిప్పి టైమింగ్ తగ్గించాలి. లోపలి రోటర్ నియోడైమియం అయస్కాంతం. అది అతిగా వేడెక్కితే అయస్కాంత శక్తిలో కొంత శాశ్వతంగా పోతుంది. ఆ మోటారు చల్లారాక కూడా పాత వేగం అందుకోలేదు.

సర్వో, బ్యాటరీ

ఎలక్ట్రానిక్స్‌లో వెనకాడకుండా ఖర్చు పెట్టదగింది సర్వో మీద. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ మధ్యకు ఒకే చోటికి తిరిగి రాని సర్వో ఉంటే, పైన చెప్పిన కొలతలన్నీ వృథా. చక్రాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా ఆడించినప్పుడు ఎక్కడ ప్లే, అంటే వదులు, ఉందో వెతకాలి. సర్వో గేరులోనా, స్టీరింగ్ లింకుల బాల్ జాయింట్‌లోనా, చక్రం బేరింగులోనా. లూజుగా ఉన్న ఒక్క జాయింట్ అర డిగ్రీ టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) లెక్కను మింగేస్తుంది.

బ్యాటరీ రెండు సెల్స్ లిథియం పాలిమర్, నామమాత్రపు వోల్టేజి 7.4, నిండుగా చార్జ్ చేస్తే 8.4. దాచిపెట్టేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క రేసుకు అని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. చార్జింగ్ దగ్గర మనిషి ఉండాలి, బ్యాటరీ మంటకు తట్టుకునే సంచిలో ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత విడిభాగాలు తెప్పించుకోవడం మనవాళ్ళకు అలవాటే. విడిగా ఉన్న లిథియం బ్యాటరీని చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరని వాళ్ళకు ముందే చెప్పాలి. 6,000 మిల్లీయాంపియర్ అవర్ ప్యాక్ దాదాపు 44 వాట్ అవర్లు, విమానాల 100 వాట్ అవర్ల పరిమితికి లోబడే ఉంటుంది. పిన్నులకు టేపు చుట్టి చేతి సంచిలో తేవాలి.

మొదటి కారు, మన నేల

ఇంత చెప్పాక, మొదటి రోజే కార్బన్ పలకల కారు కొనాలా అన్న ప్రశ్న వస్తుంది. అక్కర్లేదు. జపాన్ కంపెనీ తామియా చేసే టీటీ-02 లాంటి ప్లాస్టిక్ చాసిస్ కారు నేర్చుకోవడానికి చాలా మంచి బడి. చాసిస్ తొట్టిలా ఉండి, బెల్టుల బదులు మధ్యలో పొడవాటి షాఫ్టు ఉంటుంది, దుమ్ము లోపలికి తక్కువ పోతుంది. చాలా కిట్లలో బేరింగుల స్థానంలో ప్లాస్టిక్ బుష్‌లు, నూనె షాక్స్ స్థానంలో రాపిడితో పని చేసేవి వస్తాయి. కిట్‌తో వచ్చే గేరింగ్ మొత్తం నిష్పత్తి 8.27, చాలా నెమ్మది. దీనికి పెట్టే మొదటి రూపాయి బాల్ బేరింగులకు, రెండోది మంచి రబ్బరు టైర్లకు, మూడోది నూనె షాక్స్‌కు. మెరిసే అల్యూమినియం భాగాలు, నీలం రంగు స్క్రూలు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ ల్యాప్ సమయాన్ని దాదాపు తాకవు.

బాడీ షెల్‌ను కూడా అలంకారంగా చూడకూడదు. పల్చటి పాలీకార్బనేట్ షెల్‌కు రంగు లోపలి వైపు నుంచి కొడతారు. అదే షెల్‌ను మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరిపి రంధ్రాలు వేస్తే వేగంగా తిరిగే మలుపుల్లో ముందు పట్టు పెరుగుతుంది, వెనక్కి జరిపితే కారు స్టీరింగ్‌కు నెమ్మదిగా స్పందిస్తుంది, నిలకడగా ఉంటుంది. రంధ్రం ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం కాబట్టి మొదట మార్కరుతో గుర్తు పెట్టి, కారు మీద పెట్టి, చక్రాలు పూర్తిగా తిప్పి అంచులకు తగలడం లేదని చూసుకున్నాకే డ్రిల్ పట్టుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కార్లు ఎక్కువగా తిరిగేది అపార్టుమెంటు పార్కింగులో, కాలేజీ మైదానం పక్క సిమెంటు మీద, ఆదివారం ఖాళీగా ఉన్న తారు రోడ్డు మీద. అక్కడ పుస్తకంలో రాసిన 5.2 మిల్లీమీటర్ల ఎత్తు పెడితే చాసిస్ అడుగు మొదటి నిమిషంలోనే గీసుకుపోతుంది. ఏడెనిమిది మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, స్ప్రింగులు ఒక మెట్టు మెత్తగా వేసి, యాంటీ రోల్ బార్లు విప్పేసి నడిపి చూడాలి. వెనక చక్రాల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) 3 డిగ్రీలు ఉంచితే దుమ్ము మీద కూడా కారు తోక అదుపులో ఉంటుంది. నడిపేముందు చీపురు పట్టుకుని మలుపులు ఊడవడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఇచ్చే పట్టు ఏ కొత్త విడిభాగమూ ఇవ్వదు.

మే నెలలో మధ్యాహ్నం మూడుకూ, సాయంత్రం ఆరుకూ ఆ తారు ఒకటే తారు కాదు. మూడింటికి గట్టి రబ్బరు, ఒక మెట్టు చిక్కటి షాక్ నూనె, ఒక పన్ను తక్కువ పినియన్. ఆరింటికి మళ్ళీ వెనక్కి. రెండిటినీ తేదీ, టైము, నేల వేడి, మోటారు వేడితో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, లేకపోతే ఏది పని చేసిందో ఆ నోట్‌బుక్ కూడా చెప్పలేదు. ఇల్లు చేరాక బెల్టుల్లో, బేరింగుల్లో దుమ్ము బ్రష్‌తో దులిపి, బ్యాటరీని 3.8 వోల్టులకు తెచ్చి, టైర్లను తుడిచి గాలి చొరని జిప్ కవర్లో నీడన పెట్టాలి. ఎండలో వదిలేసిన రబ్బరు పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, గోరుతో నొక్కితే గట్టిపడిన సంగతి బయటపడుతుంది. ఆ సెట్టును ప్రాక్టీసుకు పక్కన పెట్టి, రేసుకు వేరేది తీసుకోవాలి.